‘తప్పు నాదే’ అని సంతకం పెట్టాలా? బ్యాండ్ సా దగ్గర వేళ్లు తెగిన తమ్ముడి గురించి అడిగినవారికి

మీ ప్రశ్న చదివాను. మీ తమ్ముడు మాంసం ప్రాసెసింగ్ ప్లాంట్‌లో కాంట్రాక్టర్ కింద పని చేస్తున్నాడు. పదకొండు రోజుల కిందట షిఫ్ట్ చివర బ్యాండ్ సా కడుగుతుంటే కుడిచేతి చూపుడు వేలు చివరి కణుపు తెగిపోయింది. మధ్య వేలికి ‘నరం కట్ అయింది’, అది వంగడం లేదు. ‘మిషన్ ఆగకముందే చెయ్యి పెట్టాడు, స్టీల్ గ్లోవ్ కూడా వేసుకోలేదు, తప్పు వాడిదే’ అని సూపర్‌వైజర్ అంటున్నాడు. ‘ఆపమని చెప్పినా వినకుండా చేశాను, నా అజాగ్రత్త వల్లే జరిగింది, ఇక ఏ క్లెయిమూ చేయను’ అని రాసిస్తే ఆసుపత్రి బిల్లు కడతామన్నారు. సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. అందుకే ఎక్కడైనా పనికొచ్చేది ముందు చెప్పి, దేశాన్ని బట్టి మారే చోట ఉదాహరణలు ఇస్తాను. నా సంగతి చెప్పాలంటే, ఇరవై రెండేళ్లు ఇలాంటి ప్లాంట్లలోనే గడిపాను. మొదట మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని, తర్వాత సేఫ్టీ ఆఫీసర్‌ని. నా ఎడమచేతి ఉంగరం వేలికి చివరి కణుపు లేదు, తోలు తీసే మిషన్ రోలర్ లాక్కుపోయింది. ఆ సాయంత్రమే చేతికి కట్టుతో ఒక రిజిస్టర్ ముందు కూర్చుని ‘నా అజాగ్రత్త వల్ల’ అని నా చేత్తోనే రాశాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం పోతుందని భయం. ఆ ఒక్క వాక్యం రాసినందుకు నాకు రూపాయి రాలేదు. మీ తమ్ముడు ఇప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నాడో నాకు బాగా తెలుసు.

ముందు మిషన్ సంగతి చూద్దాం. ఎందుకంటే ‘తప్పు ఎవరిది’ అన్న మాటకు సగం జవాబు అక్కడే ఉంది.

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద తిరిగే పళ్ల పట్టీ. మాంసం, ఎముక కోసే వాటిలో ఆ పట్టీ సెకనుకు 15 మీటర్లు, కొన్నింట్లో అంతకన్నా వేగంగా పోతుంది. ఏదో తగిలిందని మెదడుకు తెలిసి చెయ్యి వెనక్కి లాగేసరికి దాదాపు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో మూడు మీటర్ల బ్లేడు ఆ చోటు దాటిపోతుంది. అంటే ‘చూసుకుని చెయ్యి తీసేయాల్సింది’ అన్న సలహా ఏ మనిషి శరీరానికీ సాధ్యం కాదు. జాగ్రత్త అనేది మనిషి వేళ్లలో ఉండదు, మిషన్ మీద బిగించిన రేకులో, తలుపు దగ్గరి స్విచ్‌లో ఉండాలి.

రెండోది, స్విచ్ ఆపగానే బ్లేడు ఆగదు. బ్రేకు లేని పాత మిషన్లలో చక్రాలు ఊపు మీద ఇంకా చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. పైగా వేగంగా తిరిగే పట్టీ కదులుతున్నట్టు కంటికి కనిపించదు, నిలబడిన తీగలా మెరుస్తుంటుంది. మోటార్ ఆగింది కాబట్టి చప్పుడు లేదు. పక్క లైన్లు మోగుతున్నాయి, చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు ఉన్నాయి, గది నిండా వేడి నీళ్ల ఆవిరి. ఆ పరిస్థితిలో ఆగిన బ్లేడుకూ తిరిగే బ్లేడుకూ తేడా మీ తమ్ముడికి ఎలా తెలియాలి? సూపర్‌వైజర్ ‘ఆగకముందే చెయ్యి పెట్టాడు’ అన్నాడు కదా, ఆ మాటలోనే అతను స్విచ్ ఆపాడని ఒప్పుకున్నట్టయింది. దాన్ని ఎక్కడో రాసి పెట్టుకోండి.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కడగాలంటే చక్రాల ముందున్న తలుపు తెరవాలి. సరైన మిషన్‌లో ఆ తలుపుకు ఒక ఇంటర్‌లాక్ స్విచ్ ఉంటుంది, తలుపు తెరిస్తే కరెంటు పోతుంది, తెరిచి ఉన్నంతసేపు మోటార్ మళ్లీ పట్టదు. మరి ప్లాంట్లలో జరిగేదేమిటి? చక్రానికి అంటుకున్న కొవ్వు తుక్కు పూర్తిగా కడగాలంటే చక్రం కొంచెం కొంచెం తిరగాలి. చేత్తో తిప్పుతూ కడిగితే ముప్పావు గంట. కడగడానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు. అందుకని ఎవరో ఒక పాత కీ ముక్కనో అయస్కాంతాన్నో ఆ స్విచ్‌లో పెట్టి టేపు చుడతారు. తలుపు తెరిచే ఉంటుంది, మోటార్ తిరుగుతుంది, పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. నేను ఫిట్టర్‌గా ఉన్నప్పుడు అలాంటి టేపులు నా చేత్తో ఎన్ని పీకానో లెక్కలేదు. పీకిన వారానికి మళ్లీ వచ్చేవి. ఆ టేపు చుట్టమని ఎవరూ కాగితం మీద ఆర్డర్ ఇవ్వరు. కానీ ఆ ఇరవై నిమిషాలే ఆర్డర్.

మీ తమ్ముడిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ‘ఆ తలుపు తెరిచినప్పుడు మిషన్ తనంతట తాను ఆగేదా?’ ఆగేది కాదంటే, అది ఎన్నాళ్ల నుంచి అలా ఉంది, ఎవరెవరికి తెలుసు?

గ్లోవ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే దాన్ని పట్టుకునే చాలామందిని దబాయిస్తారు. స్టీల్ జాలీ గ్లోవ్ చేతికత్తితో ఎముక నుంచి మాంసం తీసేవాళ్లకు ప్రాణం లాంటిది. తిరిగే రంపం దగ్గర, తోలు తీసే రోలర్ దగ్గర అది వేసుకోకూడదు. పంటి కొస జాలీలో తగులుకుంటే వేలు తెగి ఊరుకోదు, గ్లోవ్‌తో పాటు చెయ్యి మొత్తాన్ని లోపలికి లాగుతుంది. నా వేలు అలాగే పోయింది. ఆగి, కరెంటు తీసేసి, తాళం వేసిన మిషన్ బ్లేడు విప్పేటప్పుడూ స్లైసర్ కత్తి తుడిచేటప్పుడూ కోత తట్టుకునే గ్లోవ్ కావాలి. తిరిగే దానికి కాదు. ‘స్టీల్ గ్లోవ్ వేసుకోలేదు’ అని రిపోర్టులో రాస్తే, అది రాసినవాడికి మిషన్ తెలియదని తెలిసిపోతుంది.

ఇక చట్టం. ‘నా తప్పయితే పరిహారం రాదు కదా’ అన్న భయమే ఇలాంటి సంతకాలు పెట్టిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో నిజంగానే అలా ఉండేది. అప్పట్లో ఇంగ్లండ్ కోర్టుల్లో యజమానికి మూడు సాకులు ఉండేవి: తప్పు నీది, లేదా నీ తోటివాడిది, లేదా ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరావు. ఈ మూడింటిలో ఏదో ఒకటి అతికేది, చెయ్యి పోయినవాడు ఇంటికి పోయేవాడు. 1884లో జర్మనీ, 1897లో బ్రిటన్, 1911 నుంచి అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటే, 1923లో భారతదేశం ఆ పద్ధతిని పక్కన పెట్టాయి. కొత్త సూత్రం చాలా సాదాసీదా: గాయం పనిలో, పని వల్ల జరిగిందా? జరిగితే పరిహారం. ఎవరి తప్పు అన్న విచారణ దానికి అక్కర్లేదు. మీ సూపర్‌వైజర్ ఇవాళ మాట్లాడుతున్నది ఆ పాత మూడు సాకుల్లో మొదటిది.

అయితే ఒక మినహాయింపు ఉంది, ఆ కాగితంలో మెలిక అంతా అక్కడే. భారతదేశపు 1923 చట్టాన్నే ఉదాహరణగా తీసుకోండి. 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, కాబట్టి నేను చెప్పే భారత నియమాలూ అంకెలూ ఆ పాత చట్టంవి, ఇప్పటివి సరిచూసుకోండి. ప్రాణం పోయినప్పుడూ మనిషి పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైనప్పుడూ మినహాయింపు ఉండేది కాదు. అంతకన్నా తక్కువ గాయాల్లో మాత్రం, కార్మికుడు తాగి ఉన్నందువల్ల జరిగినా, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించినా, రక్షణ కోసం పెట్టారని తెలిసిన గార్డును కావాలని తీసేసినా యజమాని బాధ్యత తప్పేది. చాలా దేశాల్లో దీనికి దగ్గరి మాటలే ఉన్నాయి. ఇప్పుడు మీకు ఇచ్చిన కాగితం మళ్లీ చదవండి. ‘ఆపమని చెప్పినా వినకుండా చేశాను.’ ఊరికే ‘అజాగ్రత్త’ అంటే పరిహారం ఆగదని ఆ కాగితం తయారు చేసినవారికి తెలుసు. అందుకే ‘చెప్పినా వినకుండా’ అన్న మాట చేర్చారు. అజాగ్రత్తను ధిక్కారంగా మార్చే మాట అది. ఆ మాట కోసమే ఆసుపత్రి బిల్లు ఎర వేస్తున్నారు.

తొందరలో పని చేయడం ధిక్కారం కాదు. అందరూ రోజూ చేసే పద్ధతిలో, సూపర్‌వైజర్ కళ్ల ముందే చేసింది ధిక్కారం కాదు. ఎప్పుడూ నేర్పని నియమాన్ని పాటించకపోవడమూ కాదు. కడిగేముందు కరెంటు తీసి, స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి కడిగేవాడి జేబులో పెట్టుకోవాలనేది ఈ పరిశ్రమలో పాత పద్ధతి, అమెరికాలో 1989 నుంచి నియమం కూడా. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఒక తాళం ఇచ్చారా? అతని భాషలో రాసిన పద్ధతి ఒకటైనా చూపించారా? ఎవరు నేర్పారు, ఎన్ని గంటలు? జవాబు ‘ఎవరూ లేరు, పక్కవాణ్ని చూసి నేర్చుకున్నా’ అయితే, ఆదేశమే లేనప్పుడు ధిక్కారం ఎక్కడిది?

‘మరి సంతకం ఇప్పటికే పెట్టేసి ఉంటే?’ అని ఇది చదివే వేరేవాళ్లకు సందేహం రావచ్చు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని అదే 1923 చట్టంలో స్పష్టంగా ఉండేది. ఇంకా చాలా చోట్ల కూడా అధికారి ముందు నమోదు కాని రాజీకి విలువ తక్కువ. కాబట్టి పెట్టినంత మాత్రాన అంతా అయిపోలేదు. కానీ పెట్టనివాడి దారి నున్నగా ఉంటుంది, పెట్టినవాడు ముందు ఆ కాగితాన్నే వివరించుకోవాలి.

కాంట్రాక్టర్ గొడవ. ప్లాంటువాళ్లు ‘మా మనిషి కాదు’ అంటారు, కాంట్రాక్టర్ ‘మిషన్ నాది కాదు’ అంటాడు. మధ్యలో మనిషి బంతిలా తిరుగుతాడు. ఆ 1923 భారత చట్టంలో దీనికి తిన్నని జవాబు ఉండేది: తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కి ఇచ్చినా అసలు యజమాని నుంచే పరిహారం అడగవచ్చు, అతను తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకుంటాడు. మరికొన్ని దేశాల్లో కాంట్రాక్టర్ తీసుకున్న ఇన్సూరెన్స్ ముందు కట్టాలి. ఏది వర్తిస్తుందో తేలేదాకా ఆగకండి, లిఖితపూర్వక నోటీసు ఇద్దరికీ ఇవ్వండి. వేరే దేశంలో పనిచేస్తుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. ప్రమాద పరిహారంలో విదేశీ కార్మికుడికీ స్థానికుడికీ తేడా చూపకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 1925లోనే ఒడంబడిక చేసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సరైన కాగితాలు లేని కార్మికుడికి కూడా పని గాయానికి పరిహారం వస్తుంది. ‘వీసా సంగతి బయటికి వస్తుంది జాగ్రత్త’ అని బెదిరిస్తే, వెళ్లాల్సింది కార్మిక సంఘం దగ్గరికో వకీలు దగ్గరికో.

ఆసుపత్రి బిల్లు దగ్గరికి వద్దాం. బిల్లు కట్టడం వాళ్లు చేసే ఉపకారం కాదు, అది మొత్తం బాకీలో ఒక ముక్క. వైద్యం ఒకటి. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో కొంత భాగం రెండోది. చేతిలో శాశ్వతంగా మిగిలే లోటుకు ఇచ్చేది మూడోది, అదే పెద్దది, అదే ఆ కాగితం తినేసేది. బ్రిటన్ లాంటి చోట్ల వీటితోపాటు యజమాని నిర్లక్ష్యం మీద మూడేళ్లలోపు కోర్టులో దావా కూడా వేయవచ్చు. అక్కడ మాత్రం తప్పు ఎవరిదన్నది లెక్కలోకి వస్తుంది, కార్మికుడి వాటా ఇంత అని తేలితే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. అమెరికాలో సాధారణంగా యజమాని మీద దావా కుదరదు గానీ, గార్డు సరిగా లేని మిషన్ అమ్మిన తయారీదారు మీద వేయవచ్చు. ఏ దారిలో వెళ్లినా ‘తప్పు నాదే’ అన్న సంతకం అవతలివాళ్లకే పనికొస్తుంది.

ఇప్పుడు మీరు రాసిన ‘నరం’ గురించి. మనం రక్తనాళాన్నీ నరం అంటాం, స్పర్శ తెలిపే నాడినీ నరం అంటాం, కండను ఎముకకు కట్టిన తాడులాంటి టెండన్‌నీ నరమే అంటాం. డిశ్చార్జ్ కాగితంలో ఈ మూడూ వేర్వేరు, వాటి మీద ఆధారపడే వైద్యమూ డబ్బూ వేర్వేరు. వేలు వంగడం లేదంటే టెండన్ తెగి ఉండొచ్చు. వేలి ఒక పక్క మొద్దుబారిందంటే నాడి. ఇంట్లో ఇలా చూడండి: కళ్లు మూసుకోమని, ఆ వేలి రెండు పక్కలా దూదితో తాకి తెలుస్తోందా అని అడగండి. రెండూ డాక్టర్‌కి చెప్పి, కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. టెండన్ కుట్టించుకోవడానికి ఆలస్యం పనికిరాదు. తెగిన కొస రోజులు గడిచేకొద్దీ అరచేతిలోకి ముడుచుకుపోతుంది. పదకొండు రోజులైంది, ఇంకా చేతి సర్జన్ చూడకపోతే ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. గాయం ‘మాంసం మిషన్ వల్ల’ అని కూడా చెప్పాలి. పచ్చి మాంసం నుంచి వచ్చే కొన్ని సూక్ష్మజీవులు మామూలు కోతల్లో కనిపించవు. వేలు ఊదా ఎరుపుగా మారి, మంటగా వాచి పాకుతుంటే ఆ మాట డాక్టర్‌కి దారి చూపుతుంది.

చూపుడు వేలు దగ్గర ఒక ఎక్స్‌రే లెక్క ఉంది. ఆ 1923 భారత చట్టం పట్టికలో చూపుడు వేలి కొస ఎముక పోకుండా తెగితే సంపాదన శక్తి నష్టం 5 శాతం, ఒక కణుపు పోతే 9, రెండు కణుపులు పోతే 11, వేలు మొత్తం పోతే 14. బొటనవేలు పోతే 30. ‘వేలి చివర చిన్న గాయం’ అని రిపోర్టు రాస్తే అది 5 వైపు జారుతుంది, ‘చివరి కణుపు ఎముకతో సహా తెగింది’ అని రాస్తే 9. ఎముక ఎక్కడిదాకా ఉందో చెప్పేది ఎక్స్‌రేనే. దాని ఫిల్మో కాపీయో మీ దగ్గర ఉండాలి. మధ్య వేలు అలా పట్టికలో దొరకదు, ఎందుకంటే అది ఊడిపోలేదు, పనిచేయడం మానేసింది. పట్టికలో లేని గాయానికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టర్ అంచనా కట్టి రాయాలి. కంపెనీవాళ్లు వెంటనే తేల్చేద్దాం అంటారు. ఒప్పుకోకండి. కుట్టిన టెండన్ పూర్తి బరువు మోయడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత వేలు ఎంత వంగుతుందో, పిడికిలి ఎంత బిగుస్తుందో చూస్తేగాని అసలు లోటు తెలియదు. శాతం నిర్ణయించే పరీక్ష, కోలుకోవడం ఇక ఆగింది అని డాక్టర్ చెప్పాకే.

ఈ మూడు నెలల్లో ఫోన్ వస్తుంది: ‘ఊరికే కూర్చోవడం ఎందుకు, లైట్ డ్యూటీకి రా.’ వెళ్లకపోతే కొన్ని చోట్ల జీతం భాగం ఆపేస్తారు, కాబట్టి నోటితో కాదనకండి. డాక్టర్ దగ్గర ‘ఎంత బరువు ఎత్తకూడదు, తడి పనా పొడి పనా, చల్లగదిలో పెట్టవచ్చా’ అని రాయించుకుని ఆ కాగితం పట్టుకుని వెళ్లమనండి. నాడి తెగిన వేలికి చలి పడదు. అయిదు నిమిషాలు ఫ్రీజర్ గదిలో నిలబడితే ఎముకలో సూదులు దిగినట్టు ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఉండొచ్చు. ‘లైట్ డ్యూటీ’ పేరుతో ప్యాకింగ్ కోసం చల్లగదిలోనే పెడతారు. నాకు ఇప్పటికీ శీతాకాలంలో లేని కణుపు నొప్పి పెడుతుంది, చెబితే ఇంట్లో నవ్వుతారు.

రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా, రంపం చప్పుడు తలుచుకుంటే చెమటలు పడుతున్నాయా అని కూడా అడగండి. అడగకపోతే మగవాళ్లు చెప్పరు. అదీ గాయంలో భాగమే, డాక్టర్ కాగితంలో ఉండాల్సిందే.

గడువుల గురించి: నోటీసు వీలైనంత తొందరగా ఇవ్వాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో యజమానికి 30 రోజుల్లోపు తెలియజేయాలి. భారతదేశపు 1923 చట్టం ప్రకారం క్లెయిమ్‌కు రెండేళ్లు ఉండేవి. యజమానికీ గడువులుంటాయి. వేలు తెగితే, మనిషి ఆసుపత్రిలో చేరకపోయినా, అమెరికాలో 24 గంటల్లో సర్కారుకు చెప్పాలి, ఎముక పోకుండా కొస తెగినా సరే. బ్రిటన్‌లో కూడా వేలు తెగడం తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన గాయాల్లో ఉంది. ‘తెగడం’ అని రాయకుండా ‘కోత’ అని రాయాలనే ఆత్రం దీనివల్లే. రిపోర్టు కాపీ అడగండి. ఇవ్వకపోతే, అడిగినట్టు మెసేజ్ అయినా పెట్టండి. కార్మిక తనిఖీ అధికారికి మీరే నేరుగా చెప్పవచ్చు.

అలా చెబితే ఉద్యోగం పోతుందేమో అన్న భయం సహజం. ప్రాణాపాయం ఉందని నమ్మి పని ఆపినవాణ్ని శిక్షించకూడదని 1981 నాటి 155వ ఐఎల్ఓ ఒడంబడిక చెబుతుంది, దాన్ని 2022లో మౌలిక ఒడంబడికల్లో చేర్చారు. గార్డు లేని మిషన్ వాడించకూడదని 1963 నాటి 119వ ఒడంబడిక ముందే చెప్పింది. ఇవి కాగితం మీది మాటలే, తీసేస్తే తీసేస్తారు. కానీ ఫిర్యాదు తర్వాత తీసేస్తే అది వేరే కేసు అవుతుంది, దానికి గడువు చాలా తక్కువ ఉంటుంది. అమెరికాలో ఆ కక్షసాధింపు ఫిర్యాదుకు 30 రోజులే.

ఒక పక్క మాట. మీ తమ్ముడి వయసు పద్దెనిమిది లోపయితే కథే మారిపోతుంది. అమెరికాలో పద్దెనిమిది నిండనివాళ్లు కరెంటుతో నడిచే మాంసం మిషన్లు నడపడమే కాదు, కడగడం కూడా నిషేధం. అయినా 2023లో అక్కడి కార్మిక శాఖ 13 ప్లాంట్లలో రాత్రిపూట ఇలాంటి మిషన్లు కడుగుతున్న 102 మంది పిల్లల్ని గుర్తించింది. కడిగే షిఫ్ట్‌కి ఎవరిని పంపుతారో చూడండి: కొత్తవాళ్లని, కాంట్రాక్టు వాళ్లని, ఎదురు చెప్పలేని వాళ్లని.

ఇప్పుడీ జవాబు చదువుతున్నవారిలో ఇంకా వేళ్లన్నీ ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. వేలు తెగితే గాయాన్ని గట్టిగా నొక్కి పట్టండి, ఉంగరాలు వెంటనే తీసేయండి. తెగిన ముక్కను శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. ముక్క నేరుగా ఐసుకు తగలకూడదు, మంచు కాలుస్తుంది. చల్లగా ఉంచిన వేలు సుమారు ఒక రోజు వరకు అతికించడానికి పనికి రావచ్చు, బయట ఉంటే ఆ సమయం సగం. ఇక చెయ్యి మిన్సర్‌లో, అంటే మాంసం ఖీమా చేసే మిషన్‌లో, ఇరుక్కుంటే లాగకండి, రివర్స్ తిప్పకండి. కరెంటు తీసి, ఫిట్టర్‌ని పిలిచి, తొట్టితో సహా ముందు భాగాన్ని మోటార్ నుంచి విప్పి, చెయ్యి దాంట్లోనే ఉండగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విప్పే స్పానర్లు కూడా వెంట పంపండి, ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్లకు అవే కావాలి. ఒకసారి నేనే స్పానర్ పట్టుకుని అక్కడ నిలబడ్డాను.

మీరు ఈ రాత్రి చేయాల్సింది. తమ్ముడితో పని చేసే ఒకరికి ఫోన్ చేసి, ఆ బ్యాండ్ సా ఫొటోలు ఇవాళే తీయమనండి, రేపు కాదు. ప్రమాదం జరిగిన మర్నాడే కొత్త గార్డు బిగించిన ప్లాంట్లు చూశాను, ‘గార్డు ఎప్పుడూ ఉంది’ అని రాయడానికి. పదకొండు రోజుల్లో మార్చేసి ఉండొచ్చు కూడా, అయితే మెరిసే కొత్త స్క్రూలు ఫొటోలో కనిపిస్తాయి, అదీ ఆధారమే. తలుపు, దాని స్విచ్, టేపు జిగురు మరకలు, ఎమర్జెన్సీ స్టాప్ ఎంత దూరంలో ఉందో, మిషన్ నంబర్ ఉన్న రేకు, ఇవన్నీ రావాలి. ఆ రోజు ఎవరెవరు చూశారో పేర్లు రాసుకోండి. బిల్లులు, ఎక్స్‌రే, జీతం స్లిప్పులు, హాజరు కార్డు ఒకే కవర్లో పెట్టండి.

తర్వాత ప్లాంటుకీ కాంట్రాక్టర్‌కీ ఒకే ఉత్తరం. పొడుగ్గా వద్దు. ఇలా చాలు: ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి, మీ ప్లాంట్‌లో బ్యాండ్ సా శుభ్రం చేస్తుండగా నాకు కుడిచేతి చూపుడు వేలు చివరి కణుపు తెగింది, మధ్య వేలికి గాయమైంది. తలుపు తెరిచినా మిషన్ ఆగే ఏర్పాటు పనిచేయలేదు. కరెంటు వేరుచేసి తాళం వేసే పద్ధతి నాకు నేర్పలేదు, తాళం ఇవ్వలేదు. ఇది పనిలో జరిగిన గాయం. వైద్యం, పని చేయలేని కాలానికి జీతం, శాశ్వత నష్టానికి పరిహారం కోరుతున్నాను. ప్రమాద రిపోర్టు కాపీ ఇవ్వగలరు.’ మధ్యలో ఉన్న రెండు వాక్యాలూ మీ తమ్ముడు నిజమని చెబితేనే ఉంచండి, కాకపోతే తీసేయండి, అబద్ధం ఒక్కటి దొర్లినా మిగతాది నమ్మరు. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి మీరే రాయండి, అతని చేత ఎడమచేత్తో సంతకమో వేలిముద్రో పెట్టించండి, పక్కన సాక్షిగా మీరు సంతకం చేయండి. రసీదు ఇచ్చే పోస్టులో పంపి ఆ రసీదు కవర్లోనే వేయండి.

సూపర్‌వైజర్ మళ్లీ ఆ కాగితం పట్టుకొస్తే గొడవ పడొద్దు. ‘ఫొటో తీసుకుంటానండీ, మా అన్నయ్యకి చూపించి చెబుతా’ అనమనండి. ఆ ఫొటో కూడా కవర్లో ఉంటుంది.